గోడిగ పేరే వంశం: మార్వాడ్, కాఠియావాడ్ ఇళ్లలో గుర్రాల పెంపకం

గుర్రాల పెంపకం అనగానే పందేల కోసం వందల ఎకరాల్లో నడిపే స్టడ్ ఫారాలు గుర్తుకొస్తాయి. ఆ వ్యాపారం వేరు. రాజస్థాన్‌లోని మార్వాడ్‌లో, గుజరాత్‌లోని కాఠియావాడ్ ద్వీపకల్పంలో పొలమూ పాడీ ఉన్న కుటుంబాలు ఇంటి దగ్గరే రెండు మూడు గోడిగలను ఉంచుకుని, ఏడాదికో రెండేళ్లకో ఒక పిల్లను ఈనించి, పెంచి, మచ్చిక చేసి అమ్ముకునే పద్ధతి తరతరాలుగా ఉంది. గోడిగ అంటే ఆడగుర్రం. వాడుకలో మరుగున పడుతున్న మాటే, కానీ ఈ విషయం చెప్పడానికి అంతకన్నా పొందికైన మాట తెలుగులో లేదు. ఇంటి పట్టున సాగే గుర్రాల పెంపకమంతా ఆమె చుట్టూనే తిరుగుతుంది.

దేశంలో గుర్రాలు వేగంగా తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో సుమారు 6.25 లక్షలున్న గుర్రాలు, తట్టువలు (పొట్టి గుర్రాలు) 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్లలో దాదాపు 45 శాతం పోయాయి. బండి లాగే పని ఆటోలకు, బరువు మోసే పని ట్రాక్టర్లకు మారింది. అధికారికంగా గుర్తింపు పొందిన దేశవాళీ జాతుల్లో మార్వాడీ, కాఠియావాడీ, కచ్ఛీ-సింధీ గుర్రాలు ఎండ నేలలవి. స్పితి, జంస్కారీ, భూటియా మంచు కొండల తట్టువలు. మణిపురీ పోలో ఆటకు పేరుపడ్డది. పుణె ప్రాంతంలో భీమా నది పరీవాహకంలో ధనగర్ గొర్రెల కాపరులు వాడే భీమథడీ ఈ మధ్యే జాబితాలో చేరింది. కుటుంబాల చేతుల్లో వంశం తెలిసి, పేరు చెప్పుకుని సాగుతున్న పెంపకానికి మొదటి రెండు జాతులే మంచి ఉదాహరణ.

తల్లి వైపు వంశం

కాఠియావాడ్‌లో గుర్రం వంశాన్ని తల్లి పేరుతో చెబుతారు. తాజణ్, మాణకీ, బోదలీ, రేశమ్ వంటివి ఒకప్పటి మేలైన గోడిగల పేర్లు. వాటి కడుపున పుట్టిన సంతానమంతా ఆ పేరుతోనే చలామణీ అవుతుంది. స్వామినారాయణ సంప్రదాయానికి మూలపురుషుడైన సహజానంద స్వామి ఎక్కి తిరిగిన గోడిగ పేరు కూడా మాణకీయే.

ఈ ఆచారం వెనుక రైతు లెక్క ఉంది. మగ గుర్రాన్ని ఎరువు తెచ్చుకోవచ్చు. పొరుగూరి భూస్వామి ఇంట మంచి మగ గుర్రం ఉంటే, రుసుము ఇచ్చి మన గోడిగను కట్టించుకోవచ్చు. గోడిగ మాత్రం పదకొండు నెలలు కడుపులో, ఆపై ఆరు నెలలు పొదుగు దగ్గర పిల్లను పెంచాలి. బతికినన్నాళ్లూ ఆమె ఈనేది పది, పన్నెండు పిల్లలను మించడం అరుదు. అందుకే వివేకం గల పెంపకందారు మగపిల్లను సంతకు తోలి, ఆడపిల్లను ఇంట్లో నిలుపుకుంటాడు. చేతిలో డబ్బు ఆడక మంచి గోడిగను అమ్ముకున్న ఇంటికి మళ్లీ ఆ వంశాన్ని సంపాదించడానికి ఒక తరం పడుతుంది.

మార్వాడ్ కథ కొంత వేరు. అక్కడ గుర్రం రాఠోడ్ రాజపుత్రుల కొలువుది. యుద్ధాలు ముగిసి, స్వాతంత్ర్యం వచ్చి, జాగీర్లు పోయాక ఆ గుర్రాలను మేపే స్తోమత చాలా ఇళ్లకు లేకపోయింది. కొన్నిటిని బరువు మోతకు అమ్మేశారు, కొన్నిటికి విత్తులు కొట్టించారు, కొన్నిటిని చంపేశారు. గుర్రమంటే దొరతనానికి గుర్తు కావడం ఆ రోజుల్లో దానికి చేటయింది. జోధ్‌పూర్ మహారాజు ఉమ్మేద్ సింగ్, ఆ తర్వాత ఆయన మనవడు గజ్ సింగ్ పూనుకోకపోతే ఈ జాతి పేరు మిగిలేది కాదేమో. పల్లెల్లో గోడిగలను అమ్మకుండా పట్టుకున్న చిన్న ఇళ్ల పాత్ర కూడా అంతే ఉంది గానీ, వాటి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. దశాబ్దాల నిషేధం తర్వాత 2000 నుంచి 2006 దాకా కొద్ది సంఖ్యలో మార్వాడీ గుర్రాలను విదేశాలకు పంపనిచ్చారు. విదేశాల్లో పేరు వచ్చాక ఇంట్లోనూ విలువ పెరిగింది. వంశావళి రిజిస్టర్లు, మైక్రోచిప్పులు, వెంట్రుక కుదుళ్ల నుంచి డీఎన్‌ఏ పరీక్షలు ఆ తర్వాత వచ్చినవే.

చెవులు, సుడులు, కాళ్లు

ఈ రెండు జాతులనూ ప్రపంచంలో మరే గుర్రంతోనూ పొరబడనివ్వనివి చెవులు. లోపలికి వంపు తిరిగి, కొనలు ఒకదానికొకటి తాకేటట్టు నిలబడతాయి. మార్వాడీ ఎత్తు 150 సెంటీమీటర్ల నుంచి 160 దాకా ఉంటుంది, కాఠియావాడీ కాస్త పొట్టి. కాఠియావాడీలో నల్లరంగు తప్ప మిగతా రంగులన్నీ కనిపిస్తాయంటారు. మార్వాడీకి రేవాల్ అనే సహజమైన నడక ఉంది. ఒక పక్క ముందు, వెనుక కాళ్లు దాదాపు కలిసి కదలడంతో రౌతు జీను మీద ఎగిరెగిరి పడడు, ఎడారిలో దూరప్రయాణానికి అది హాయి.

కొనేవాడు చెవుల తర్వాత చూసేది సుడులు. మెడ మీద పొడవుగా దిగే సుడిని దేవ్‌మన్ అంటారు, అది శుభం. కంటి కింద సుడి కన్నీటికి గుర్తు, అది ఉన్న గుర్రాన్ని ఇంటికి తేరు. ఒంగోలు గిత్తల సంతలో సుడులు చూసి బేరం ఆడే మనకు ఇది వింతగా అనిపించదు. సంస్కృతంలో శాలిహోత్రుడి పేరుతో నడిచే అశ్వశాస్త్రంలోనూ, తెలుగులో మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసంలోనూ సుడుల శుభాశుభాల ప్రకరణం ఉంటుంది.

సుడికీ గుర్రం పనితనానికీ సంబంధం ఉందని రుజువు లేదు. ఆ నమ్మకం వల్ల మంచి గోడిగలు పెంపకం నుంచి తప్పుకోవడం మాత్రం నిజమైన నష్టం. చెవుల మోజుదీ అదే దారి. చెవులు కలిశాయా లేదా అని చూసే కన్ను, ముంగాళ్లు నిటారుగా ఉన్నాయా, డెక్క గట్టిదా, దవడలు సరిగ్గా కలుస్తున్నాయా అని చూడటం మరిచిపోతుంది. దీనికి తోడు సంతలో గెలిచిన ఒకే మగ గుర్రం కోసం చుట్టుపక్కల గోడిగలన్నీ వరస కడితే, రెండు తరాల్లో ఊళ్లోని గుర్రాలన్నీ అన్నదమ్ముల పిల్లలవుతాయి. తండ్రికి కూతుర్ని, అన్నకు చెల్లెల్ని కట్టించకుండా ఉండాలంటే కాగితం మీద కనీసం నాలుగు తరాల లెక్క కావాలి. నోటి లెక్క రెండు తరాలు దాటితే తప్పుతుంది.

ఎదా చూలూ

గోడిగ పగటి వెలుగు పెరిగే కాలంలో ఎదకొస్తుంది. ఉత్తర భారతంలో ఫిబ్రవరి చివరి నుంచి వేసవి దాటేదాకా ప్రతి 21 రోజులకొకసారి ఎద వస్తుంది, ఐదు నుంచి ఏడు రోజులు నిలుస్తుంది. అండం విడుదలయ్యేది ఎద ముగిసే ముందు ఒకటి రెండు రోజుల్లో. మొదటి రోజే తొందరపడి కట్టిస్తే చూలు నిలవదు. తోక ఎత్తడం, మాటిమాటికీ కొద్దికొద్దిగా ఉచ్చ పోయడం, మగ గుర్రం వాసనకు నిలబడిపోవడం గుర్తులు. మగ గుర్రాన్ని గట్టి కంచెకు అవతల నిలిపి, గోడిగను ఇవతల నడిపించి చూస్తారు. ఇష్టం లేని గోడిగ తన్నే తన్ను మగ గుర్రం కాలు విరగ్గొట్టగలదు, అందుకే ఆ కంచె.

ఆడపిల్ల ఏడాదిన్నరకే ఎదకు రావచ్చు. కానీ ఎముక ముదరాలంటే మూడేళ్లు, నాలుగో ఏడు వస్తే ఇంకా మంచిది.

కట్టించిన 14 నుంచి 16 రోజుల మధ్య స్కానింగ్ చేయించడం ఖర్చు కాదు, బీమా. కవలలుంటే ఆ వారంలోనే తెలియాలి. ఆవు, మేకల్లా గుర్రం గర్భసంచి ఇద్దరిని మోయలేదు. రెండు మాయలు చోటు కోసం పోటీ పడి, చాలాసార్లు రెండు పిల్లలూ పోతాయి, తల్లికీ ప్రమాదమే. మొదట్లోనే గుర్తిస్తే పశువైద్యుడు ఒక పిండాన్ని నలిపి రెండోదాన్ని నిలబెడతాడు. కాస్త ఆలస్యమైతే ఆ వీలు ఉండదు.

దేశంలో గుర్రాల పరిశోధనకు హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. దాని బికనేర్ క్షేత్రం గడ్డకట్టించిన వీర్యం మీద, పిండ మార్పిడి మీద పని చేస్తోంది. ఒక మార్వాడీ గోడిగ పిండాన్ని మరో గోడిగ గర్భంలో పెంచి 2023 మేలో అక్కడ పుట్టించిన ఆడపిల్లకు రాజ్-ప్రథమ అని పేరు పెట్టారు. బతుకంతా పది పన్నెండు పిల్లలే అన్న లెక్కను మార్చగలిగే పద్ధతి అది. ఇంటి పెంపకందారు గడప దాకా అది ఇంకా రాలేదు.

ఈనే రాత్రి

చూలు సుమారు 340 రోజులు. 320 నుంచి 365 దాకా అటూ ఇటూ కావచ్చు, కాబట్టి తేదీని నమ్మి పడుకోకూడదు. నెల ముందు నుంచి పొదుగు నిండుతుంది. చనుమొనల మీద మైనం లాంటి చుక్కలు కనిపిస్తే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఈనుతుందని అంచనా. చాలా గోడిగలు రాత్రిపూటే ఈనుతాయి. మనిషి అలికిడి ఎక్కువగా ఉంటే నొప్పులను కాసేపు ఆపుకోగలవు కూడా. రాత్రంతా కూర్చున్నవాడు టీ తాగి వచ్చేలోగా పిల్ల కింద పడి ఉందన్న మాట ఈ ఇళ్లలో అందరూ చెప్పేదే. దూరంగా, కనిపించకుండా కూర్చోవడం ఒక విద్య.

ఉమ్మనీరు పోయాక పని అరగంటలో అయిపోవాలి. తెల్లని పొరలో ముందు ఒక కాలు, కొంచెం వెనుక రెండో కాలు, వాటి మీద ముట్టె రావాలి. డెక్కల అరికాళ్లు కిందికి ఉండాలి. పొర తెల్లగా కాక ఎర్రగా, వెల్వెట్‌లా బయటికొస్తే మాయ ముందే విడిపోయిందని అర్థం, పిల్లకు ఊపిరి అందదు. డాక్టరు వచ్చేదాకా ఆగకుండా పొరను చింపి పిల్లను బయటికి తీయాలి. ఇది చదివి నేర్చుకునే పని కాదు, కానీ చదవనివాడు ఆ ఎర్రపొరను చూస్తూ నిలబడిపోతాడు.

పుట్టిన పిల్లకు మూడు గడువులు గుర్తుంచుకుంటారు: గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. పడిన మాయను నేల మీద పరచి చిరుగుల్లేకుండా పూర్తిగా ఉందో లేదో చూడాలి. కొన ముక్క లోపల మిగిలినా జ్వరం, దాని వెంట డెక్కల వాపు వస్తుంది. గోడిగ నిలవలేని స్థితికి చేరే దారుల్లో అదొకటి.

గుర్రప్పిల్ల రోగాలను తట్టుకునే శక్తి ఏమీ లేకుండా పుడుతుంది, ఎందుకంటే మాయ గుండా తల్లి రక్షణ పదార్థాలు పిల్లకు చేరవు. అన్నీ జున్నుపాలలోనే. పేగు వాటిని పీల్చుకునేది మొదటి 12 గంటలు బాగా, 24 గంటలకు దాదాపు ఏమీ లేదు. జున్నుపాలు పిండి పారబోసే అలవాటు ఏ ఊళ్లో ఉన్నా అది పిల్లను చంపే అలవాటే. బొడ్డుకు మందు పూయడం, మొదటి నల్లటి పేడ పడిందో లేదో చూడటం, ధనుర్వాతం రాకుండా సూది వేయించడం అదే రోజు పనులు.

ఈనిన వారం నుంచి పది రోజుల్లో గోడిగ మళ్లీ ఎదకొస్తుంది. 340 రోజుల చూలును 365 నుంచి తీసేస్తే మిగిలేది 25 రోజులు. ఏటా ఒక పిల్ల కావాలంటే ఆ 25 రోజుల్లోనే చూలు నిలవాలి. ఈ లెక్కకు కట్టుబడితే గోడిగ చిక్కిపోతుంది. రెండేళ్లకో పిల్ల చాలు అనుకునే ఇళ్లలోనే గోడిగలు 20 ఏళ్లు దాటి ఈనుతుండటం కనిపిస్తుంది.

మేత

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఖర్చు గురించే. అసలు సంగతి దాణా కాదు, గడ్డి. గుర్రం కడుపు చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. గుర్రం కక్కలేదు. రోజుకు 16 గంటలు నెమ్మదిగా నమిలేలా తయారైన జంతువుకు పొద్దునా సాయంత్రం కుంచెడు గింజలు పోస్తే పేగులు తిరగబడి శూల వస్తుంది. 400 కిలోల గోడిగకు రోజుకు ఎండు లెక్కన 8 నుంచి 10 కిలోల మేత కావాలి, అందులో అధికం గడ్డి కావాలి. చూలు చివరి మూడు నెలల్లో, పాలిచ్చే రోజుల్లో దాణా పెంచాలి. పాలిచ్చే గోడిగ వేసవిలో 50 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. మార్వాడ్‌లో సేవణ్ గడ్డి, బజ్రా, బార్లీ, శనగలు పెడతారు. కొందరు లూసర్న్ కోసం ఒక మడి వేసుకుంటారు.

మన దగ్గర గుర్రపు దాణా అంటే ఉలవ గుగ్గిళ్లు. ఉలవలకు ఇంగ్లీషు పేరు కూడా గుర్రంతోనే వచ్చింది. ఉడికించి పెట్టడం సరైన పద్ధతే. ప్రమాదం తవుడుతో. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎదిగే పిల్లకు తవుడే ఆధారమైతే ఎముకలు గుల్లబారి దవడలు ఉబ్బుతాయి. కాల్షియం భాస్వరం కన్నా తక్కువ కాకూడదు, ఒకటిన్నర నుంచి రెండు రెట్లుంటే మేలు. 13వ శతాబ్దం చివర ఈ తీరాలు చూసిన మార్కో పోలో, ఇక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొని సాకడం తెలియక పోగొట్టుకుంటారనీ, మేలుజాతి గోడిగకు మేలుజాతి గుర్రాన్ని కలిపినా వంకరకాళ్ల పిల్లే పుడుతుందనీ రాశాడు. గుర్రాలకు వండిన అన్నం పెడతారని కూడా ఆయన చెప్పాడు. ఆ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చదివితే కారణం అక్కడే దొరుకుతుందని నా అనుమానం.

ఇంట్లో పాడి, కోళ్లు కూడా ఉన్నవారు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. కోళ్ల, పశువుల దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రానికి విషం, కొద్ది పాళ్లలోనే గుండెను దెబ్బతీస్తుంది. బూజు పట్టిన మొక్కజొన్న మెదడును తింటుంది. పచ్చి జొన్న మేత అదేపనిగా మేస్తే మూత్రాశయం, నడుము చచ్చుబడతాయి. ఆవుకు పనికొచ్చింది గుర్రానికి పనికొస్తుందనుకోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు.

రోగాలు

అన్నిటిలోకి భయపడవలసింది గ్లాండర్స్. ముక్కు నుంచి చీము, చర్మం మీద పుండ్లు వచ్చే ఈ రోగం మనుషులకూ అంటుతుంది. మందు పెట్టి మాన్పే ప్రశ్న లేదు, పరీక్షలో తేలిన గుర్రాన్ని చట్ట ప్రకారం చంపేస్తారు. దీని మీద 1899లోనే చట్టం వచ్చింది. కట్టించినప్పుడు అంటే డౌరీన్ రోగం మీద 1910లో మరొకటి వచ్చింది. రెండిటి స్థానంలో ఇప్పుడు 2009 నాటి పశువుల అంటురోగాల చట్టం ఉంది. సంతకు తోలే ముందు, బయటి మగ గుర్రం దగ్గరికి పంపే ముందు రక్తపరీక్ష కాగితం అడగడం మొహమాటపడే విషయం కాదు.

ఈగల వల్ల వచ్చే సర్రా జ్వరం క్రిమిని 1880లో పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ గుర్తించింది డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, గుర్రాలు, ఒంటెల రక్తంలోనే. వానాకాలం తర్వాత గుర్రం కారణం లేకుండా చిక్కిపోతుంటే అదేమోనని చూస్తారు. నులిపురుగుల మందును నెలనెలా పోయడం పాత పద్ధతి. దానివల్ల మందుకు లొంగని పురుగులు తయారయ్యాయి, ఇప్పుడు పేడలో గుడ్లు లెక్కించి అవసరమైనవాటికే పోయమంటున్నారు.

మచ్చిక, సంత

పిల్లను నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలు మాన్పిస్తారు. అప్పటికే దానికి తలతాడు, చేతి స్పర్శ, కాలు ఎత్తి పట్టుకోవడం అలవాటై ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్క చెక్కించాలి, చిన్నప్పుడు దిద్దితేనే వంకర సరవుతుంది. జీను వేసేది మూడో ఏట. ఇంట్లో పిల్లలు, ఆడవాళ్లు మేపుతూ తిరిగే పెరట్లో పెరిగిన గుర్రం సంతలో తేలిగ్గా తెలిసిపోతుంది, గుంపుకూ డప్పుకూ బెదరదు.

అమ్మకాలన్నీ తిరునాళ్ల సంతల్లోనే. కార్తీకంలో పుష్కర్, చైత్రంలో బాలోతరా దగ్గర తిల్వాడా, దత్త జయంతికి మహారాష్ట్రలో తాపీ ఒడ్డున సారంగ్‌ఖేడా, మాఘీకి పంజాబ్‌లో ముక్త్‌సర్. పెళ్లి ఊరేగింపుకు నుక్రా అనే తెల్లగుర్రం కావాలంటారు, దాంతో రంగు కోసమే పెంచేవాళ్లు పుట్టుకొచ్చారు. గులాబీ తోలు, లేత కళ్లు ఉన్న ఆ గుర్రం ఎండకు ఓర్వదు. ఎడారి జాతిలో ఎండకు ఓర్వని గుర్రాన్ని ఏరికోరి పెంచడం ఎక్కడి తెలివో తెలియదు.

తెలుగు నేల

తెలుగు రాజ్యాలకు గుర్రం కొత్త కాదు. కాకతీయుల కొలువులో సాహిణి అన్న పదవి గుర్రపు దళానికి సంబంధించినదే. కానీ ఆ గుర్రాలు ఎక్కువగా ఓడల్లో దిగినవి. విజయనగర రాజులు అరబ్బుల దగ్గర, పోర్చుగీసుల దగ్గర కొన్నారు. దూరదేశాల గుర్రపు వర్తకులను ఆదరించమని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతిలో ప్రత్యేకంగా చెప్పాడు. ఇవాళ మలక్‌పేట పందెపు మైదానంలో పరుగెత్తేవి థరోబ్రెడ్లు, ఈ నేల జాతి కాదు. ఇంటి గుర్రం కనిపించేది పాడేరు మన్యంలో. రోడ్డు లేని గూడేలకు సంత సరుకు, రేషను బియ్యం ఇప్పటికీ గుర్రాల వీపు మీదే ఎక్కుతాయి. కొండ దారికి అలవాటుపడిన ఆ చిన్న గుర్రాల తల్లి ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో రాసిన రిజిస్టరు లేదు. దేశంలో గుర్తింపు పొందిన ఎనిమిది గుర్రపు జాతుల్లో ఆంధ్రప్రదేశ్‌ది గానీ, తెలంగాణది గానీ ఒక్కటీ లేదు.